పాడినవారును విన్నవారును: పింక్ ఫ్లాయిడ్ బృంద చరిత్రము



సంగీత చరిత్రమును మనము సాధారణముగా పాడినవారి చరిత్రముగానే చదువుకొనుచుందుము. ఎవరెప్పుడు పుట్టిరి, ఎవరివద్ద నేర్చిరి, ఏ సభలో ఏ సత్కారము పొందిరి అనునవియే గ్రంథములయందు కానవచ్చును. కాని పాట రెండు తావుల నిలుచును. పాడినవాని కంఠమున ఒకటి, విన్నవాని చెవిలో ఒకటి. కంఠము మూగవోయిన పిదప మిగులునది రెండవది మాత్రమే. త్యాగరాజస్వామివారి కృతులు మనకు దక్కుటకు వాలాజాపేట వేంకటరమణ భాగవతులు మొదలగు శిష్యులు విని, నేర్చి, వ్రాసి ఉంచుటయే కారణము. తాళ్లపాకవారి సంకీర్తనములో, రాగిరేకుల కెక్కియు, పాడువారును వినువారును కొరవడుటచే తిరుమలలో ఒక అరయందు చిరకాలము మూలబడి యుండెను. వ్రాత యుండియు వినువాడు లేనిచో పాట నిద్రించును. వినువాడున్నచో వ్రాత లేకున్నను కొంతకాలము బ్రతుకును.

ఈ సత్యమునకు దూరదేశపు దృష్టాంతమొకటి నేడు మనవి చేయదలచితిని. అది ఇంగ్లండు దేశమున 1965వ సంవత్సరమున వెలసిన పింక్ ఫ్లాయిడ్ అను గాయక బృందపు కథ. వారి సంగీతము మన చెవికి క్రొత్తదే కావచ్చును. కాని స్నేహము, కీర్తి, ధనము, కలహము, వియోగము అనునవి ఏ దేశమునందైనను ఒక్కటే కదా. పాడువానికిని వినువానికిని నడుమ గోడ లేచిన యెడల ఏమగునో ఈ కథ చెప్పినంత స్పష్టముగా మరియొకటి చెప్పదు.

మొదట ఆ సంగీతపు తీరు కొంత చెప్పవలెను. విద్యుచ్ఛక్తితో మ్రోగు గిటారులును, డ్రమ్ములును ప్రధానముగా గల పాటకు రాక్ సంగీతమని పేరు. తొలినాళ్లలో అది మూడు నిమిషముల ఆటపాట. పాత గ్రామఫోను ప్లేటునకు ఒక వైపున పట్టునది ఇంచుమించు అంతియే. 1948లో అమెరికాలో నిమిషమునకు ముప్పదిమూడున్నర చుట్లకు కొంచెము తక్కువగా మెల్లగా తిరుగు పెద్ద ప్లేటు వెలువడెను. దాని యొక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా సంగీతము పట్టును. తావు పెరిగినకొలది ఊహయు పెరిగినది. 1960 దశాబ్ది చివర కొందరు యువకులు ప్లేటునంతటిని ఒకే ప్రబంధముగా కూర్చి, దీర్ఘమైన ఆలాపనలును, లోకధ్వనులును, తాత్త్విక ప్రశ్నలును అందు చేర్చసాగిరి. దీనిని ప్రోగ్రెసివ్ రాక్, అనగా పురోగామి రాక్ అనిరి. అట్టి ప్లేటు ఆల్బమని వాడుక.

పింక్ ఫ్లాయిడ్ బృందమున తొలుత నిలిచినవారు నలుగురు. రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్ అను మువ్వురును లండనులో భవననిర్మాణ శాస్త్రము చదువుచుండిన విద్యార్థులు. నాల్గవవాడు సిడ్ బారెట్. ఇతడు కేంబ్రిడ్జి పట్టణమువాడు, చిత్రకళాభ్యాసి. బృందమునకు పేరు పెట్టినవాడు నితడే. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అను ఇరువురు అమెరికా నల్లజాతి గాయకుల పేర్లలోని తొలి మాటలను జోడించి పింక్ ఫ్లాయిడ్ అనెను. తొలి పాటలను వ్రాసినవాడును, ముందు నిలిచి పాడినవాడును అతడే.

1966 చివరను, 1967లోను లండనులో టాటెన్‌హామ్ కోర్ట్ వీథియందలి యూఎఫ్ఓ అను రాత్రి సభలో వీరి కచేరీలు జరిగెను. రంగుల ద్రవములను వేడిచేసి దీపముల ఎదుట నాడించి, ఆ నీడలను పాడువారిపై పడునట్లు చేసెడివారు. ఆనాటి శ్రోతలు చెప్పుకొనునది పాటల పేర్లను గూర్చి తక్కువ. ముఖములు కానరాక వెలుగులోనుండి నాదము వచ్చుచున్నట్లు తోచెనని చెప్పుదురు. 1967 మే 12వ తేదీన క్వీన్ ఎలిజబెత్ హాలున జరిగిన కచేరీలో ధ్వని సభ నలుమూలల తిరుగునట్లు యంత్రమొకటి అమర్చిరి. సబ్బు బుడగలు వదలి, పూలు చల్లిరి. మరునాడు చూడగా కుర్చీల తోళ్లపై బుడగల మరకలు, తివాచీపై నలిగిన పూల మరకలు. ఆ శాలాధికారులు ఇక మీదట మీకిచ్చట తావు లేదనిరి. ఆ సంవత్సరము ఆగస్టులోనే వారి తొలి ఆల్బము వెలువడెను.

ఇంతలో బారెట్ మనస్సు చెదరినది. మత్తుపదార్థములు దానికి తోడైనవి. కచేరీ నడుమ గిటారు చేతనుండియు మీటక శూన్యమును చూచుచు నిలిచెడివాడు. 1968 జనవరిలో అతని చిరకాల మిత్రుడు డేవిడ్ గిల్మోర్‌ను బృందమున చేర్చుకొనిరి. ఆ వసంతముననే బారెట్ వైదొలగెను. తాము లేవనెత్తిన ఇంటికి మూలస్తంభమైనవానిని వదలి ముందుకు సాగవలసి వచ్చినదను బాధ వారిని పిమ్మట విడువలేదు.

1971 అక్టోబరులో ఇటలీలోని పాంపే నగర శిథిలములయందు, పూర్వము రోమనులు క్రీడలు చూచిన వలయశాలలో, ప్రేక్షకుడొక్కడును లేకుండ పాడుచు సినిమా తీయించుకొనిరి. వినువారు లేని ఆ కచేరీని తెరపై లోకమంతయు చూచినది. ఆ శూన్యమైన రాతిమెట్లను చూచినప్పుడు ఆ మెట్లపై తామే కూర్చున్నట్లు తోచెనని చెప్పు అభిమానులు పెక్కురు.

ఇక వారి కీర్తికి శిఖరమైన ఆల్బము. దానిపేరు డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్, అనగా చంద్రుని చీకటివైపు. ఇందు కాలము గడచిపోవుట, ధనలోభము, యుద్ధము, మరణము, మతిభ్రమణము అనునవి ఒకదానివెంట ఒకటి వచ్చును. దీనిని ప్లేటుగా చేయుటకు ముందే జనుల ఎదుట పాడి పరీక్షించిరి. 1972 జనవరి 20వ తేదీన బ్రైటన్ పట్టణమున తొలిసారి పాడుచుండగా యంత్రములు మొరాయించుటచే నడుమ ఆపవలసి వచ్చెను. ఫిబ్రవరిలో లండను రెయిన్‌బో నాటకశాలలో నాలుగు రాత్రులు పాడిరి. అందొకదానిని ఎవరో రహస్యముగా టేపున పట్టి దొంగప్లేటుగా అచ్చువేయించి అమ్మిరి. అసలు ఆల్బము వెలువడుటకు ముందే లక్షకు పైగా ప్రతులు అమ్ముడైనవని చెప్పుదురు. ఇది పాడినవారి సొత్తును హరించుటయే, సందేహము లేదు. కాని కృతి ఎట్లు పెరిగినదో, ఏ భాగము తీసివేసిరో, ఏది చేర్చిరో తెలిసికొనుటకు ఆ టేపే నేడు సాక్ష్యముగా నిలుచుట వింత.

ఆల్బము 1973 మార్చిలో వెలువడినది. దానిని లండను అబీ రోడ్ స్టూడియోలో తయారుచేసిన తీరు చెప్పదగినది. ధనమును గూర్చిన పాటకై నాణెములు గలగలలాడుట, కాగితము చినుగుట, అంగడి పెట్టె మ్రోగుట మొదలగు ధ్వనులను వేర్వేరుగా పట్టి, ఆ టేపులను కొలబద్దతో సమానముగా కత్తిరించి అతికించి, చక్రమువలె త్రిప్పిరి. ఆ పాట నడక ఏడేసి మాత్రలది. మన మిశ్రచాపు తాళము ఎరిగినవారికి ఆ నడక పరాయిదిగా తోచదు.

మరియొక వింత కలదు. వాటర్స్ కొన్ని ప్రశ్నలను అట్టముక్కలపై వ్రాసి స్టూడియోలో కనబడినవారినెల్ల అడిగెను. మరణమనిన భయమున్నదా? కడపటిసారి ఎవరిపై చేయిచేసికొంటిరి? అప్పుడు న్యాయము మీ వైపుననే యుండెనా? ఇట్టివి ఆ ప్రశ్నలు. లోకప్రసిద్ధుడైన గాయకుడు పాల్ మెకార్ట్‌నీ కూడ జవాబు చెప్పెను. కాని అవి మిక్కిలి జాగ్రత్తతో చెప్పిన మాటలగుటచే వానిని వాడలేదు. స్టూడియో ద్వారపాలకుడైన జెర్రీ ఓ’డ్రిస్కాల్ అను ఐరిష్‌వాడు కపటమెరుగక చెప్పిన మాటలను మాత్రము ఉంచిరి. ఆల్బము చివర గుండె చప్పుడు సన్నగిల్లుచుండగా వినవచ్చునది ఆ ద్వారపాలకుని గొంతే. పెద్దవాని పలుకు త్రోసి సామాన్యుని పలుకునకు కడపటి తావు ఇచ్చుటచేతనే కోట్లకొలది సామాన్యులు ఆ కృతిని తమదిగా భావించిరేమో.

అందే మాటలు లేక కేవలము ఆలాపనగా సాగు గానమొకటి కలదు. దానిని పాడినది క్లేర్ టోరీ అను గాయని. ఒక ఆదివారమునాడు వచ్చి, ముప్పది పౌనులు పుచ్చుకొని, కొద్ది గంటలలో పాడి వెళ్లినది. ఆ రాగవిస్తారము ఆమె కల్పనయే. 2004లో ఆమె న్యాయస్థానమునకు పోగా, మరుసటి సంవత్సరము రాజీ కుదిరి, ఆ గానమునకు ఆమెయు కర్త్రియని అంగీకరించిరి. ముప్పది సంవత్సరములు గడచినను న్యాయము న్యాయమే.

ఈ ఆల్బము అమెరికాలో అమ్మకపు పట్టికయందు 1973 మొదలు 1988 వరకు మొత్తము 741 వారములు నిలిచినది. లోకమున నాలుగు కోట్లకు పైగా ప్రతులు పోయినవని లెక్క. అంకెలకంటె శ్రోతల జ్ఞాపకములు విలువైనవి. దీపమార్పి, చెవులకు శ్రవణయంత్రములు తగిలించుకొని, మొదటనుండి చివరవరకు కదలక వింటిమని చెప్పువారే అందరును. గడియారములన్నియు ఒక్కసారి గణగణ మ్రోగు తావున ఉలికిపడుట అందరి అనుభవమే. ప్లేటు త్రిప్పవలసిన నడిమి నిశ్శబ్దమును కూడ కృతిలో భాగముగనే పలువురు స్మరింతురు.

1975లో వెలువడిన తరువాతి ఆల్బము బారెట్‌ను తలచుకొని వ్రాసినది. విష్ యూ వర్ హియర్ అను దాని పేరునకు నీవిక్కడ ఉన్న బాగుండునని భావము. ఆ సంవత్సరము జూన్ 5వ తేదీన ఆ పని స్టూడియోలో సాగుచుండగా బట్టతలతో, కనుబొమలు కూడ గొరిగించుకొనిన స్థూలకాయుడొకడు లోనికి వచ్చి కూర్చుండెను. ఎవరో పనివాడనుకొనిరి. కొంతసేపటికి గాని అతడు బారెట్ అని తెలియలేదు. ఎవని వియోగమును పాడుచున్నారో అతడే ఎదుట నిలిచినను గుర్తింపలేకపోయిరి. వాటర్స్ కన్నీరు పెట్టెను.

ఈ ఆల్బమును నల్లని కాగితమువంటి పొరలో చుట్టి అమ్మిరి. చిత్రము చూడవలెనన్న ఆ పొర చింపవలెను. చింపి పారవేసినవారు కొందరు, అంచున సన్నగా కోసి పొర చెడకుండ దాచినవారు కొందరు. ఏబది సంవత్సరముల పిమ్మటను తామే జాతివారో చెప్పుకొని నవ్వుకొందురు.

దాచుటనగా మరియొకని మాట చెప్పవలెను. 1975 ఏప్రిల్‌లో లాస్ ఏంజలెస్ క్రీడాశాలయందు ఐదు రాత్రులు కచేరీలు జరిగెను. పోలీసువారు ఆ రాత్రులలో గంజాయి మొదలగు నేరములపై ఐదువందల మందికి పైగా పట్టుకొనిరి. అట్టి కట్టుదిట్టముల నడుమ, ఏప్రిల్ 26వ తేదీన, మైక్ మిల్లర్డ్ అను అభిమాని అవిటివారి చక్రపు కుర్చీలో టేపు యంత్రమును దాచి లోనికి కొనిపోయి కచేరీనంతయు పట్టెను. అతడు 1994లో మరణించెను. ఆ శాలను 2016లో పడగొట్టిరి. 2024లో బృందపు ధ్వనిముద్రణ హక్కులను సోనీ సంస్థ కొనెను. 2025 డిసెంబరులో ఆ ఆల్బమునకు స్వర్ణోత్సవ సంపుటమును వెలువరించినప్పుడు మిల్లర్డ్ పట్టిన టేపునే శుభ్రపరచి అందు చేర్చిరి. నాడు ద్వారమువద్ద పట్టుబడిన నిషేధింపబడవలసిన వస్తువు నేడు చరిత్రమునకు ఆధారమైనది.

కీర్తితోపాటు శాలలు పెద్దవైనవి. శాలలు చాలక క్రీడా మైదానములు వచ్చినవి. శ్రోతల ముఖములు కానరాని దూరము ఏర్పడినది. 1977 జూలై 6వ తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరమున ఒలింపిక్ మైదానమున కచేరీ జరుగుచుండగా జనులు బాణసంచా కాల్చుచు, కేకలు వేయుచుండిరి. వాటర్స్ పాట ఆపి వారిని మందలించెను. తుదకు వేదికకు చేరువగా వచ్చి అరచుచున్న అభిమానిపై ఉమ్మివేసెను. ఆ తరువాత అతడే తన చేష్టకు సిగ్గుపడెను. వినువారికొరకు పాడ మొదలిడినవాడు వినువానినే అసహ్యించుకొను స్థితికి ఎట్లు వచ్చెనని తన్ను తాను ప్రశ్నించుకొనెను. ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టినదే ది వాల్, అనగా గోడ అను ఆల్బము. అది 1979 నవంబరు 30వ తేదీన వెలువడెను.

ఆ గోడకు మొదటి ఇటుక మరింత వెనుకటిది. వాటర్స్ తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ రెండవ ప్రపంచయుద్ధమున, 1944 ఫిబ్రవరిలో, ఇటలీలోని ఆంజియో వద్ద మరణించెను. అప్పటికి బిడ్డకు ఐదు నెలలు. తండ్రిలేమి, కఠినమైన బడి, చెడిన దాంపత్యము, కీర్తి అనునవి యొక్కొక్కటి ఒక్కొక్క ఇటుకయై మనుష్యుని చుట్టును గోడగా పెరుగుటయే ఆ కృతియందలి కథ.

దానిని కచేరీలో చూపిన తీరును చూచినవారు మరువలేదు. పాటలు సాగుచుండగా పనివారు అట్టపెట్టెల ఇటుకలను పేర్చుచు సుమారు నలుబది అడుగుల ఎత్తు గోడ కట్టుదురు. కచేరీ సగమగుసరికి గాయకులు పూర్తిగా మరుగుపడుదురు. శ్రోతలకు మిగిలినది తెల్లని గోడ, దానివెనుకనుండి వచ్చు పాట. ఒక తావున గిల్మోర్ ఒక్కడే గోడపై వెలుగులో నిలిచి గిటారు వాయించును. తుదకు గోడ భళ్లున కూలును. అప్పుడు గాయకులందరు సామాన్యమైన చిన్న వాద్యములు పట్టుకొని శిథిలముల ముందునకు వచ్చి నిలుతురు. 1980, 1981 సంవత్సరములలో నాలుగు పట్టణములలో ముప్పదియొక్క పర్యాయములు మాత్రమే దీనిని చూపిరి. ఖర్చు రాబడిని మించెను.

రంగముమీది గోడ కూలినది గాని బృందములోని గోడ కూలలేదు. రైట్‌ను బృందమునుండి తొలగించి జీతమునకు వాయించువానిగా ఉంచిరి. 1985లో వాటర్స్ విడిపోయెను. తాను లేనిచో ఆ పేరుండరాదని అతడును, ఉండవలెనని గిల్మోరును మేసనును న్యాయవాదుల నాశ్రయించిరి. 1987లో రాజీ కుదిరి పేరు వీరికి దక్కినది. కాపురము విడిపోయిన ఇంట బంధువులవలె అభిమానులును రెండుగా చీలిరి.

1989 జూలై 15వ తేదీన వెనిస్ నగరమున నీటిపై తేలు వేదికనుండి వాటర్స్ లేని బృందము పాడగా ఇంచుమించు రెండు లక్షల జనులు వచ్చిరి. ఊరు చెత్తమయమైనదని పుట్టిన గగ్గోలునకు నగరపాలకులు రాజీనామా ఇచ్చిరి. 1990 జూలై 21వ తేదీన వాటర్స్ వేరుగా, బెర్లిన్ నగరమున నిజమైన గోడ కూలిన తావున తన గోడ కథను పాడెను. 1994 అక్టోబరు 12వ తేదీన లండను ఎర్ల్స్ కోర్టు శాలలో కచేరీ మొదలగుచుండగా వేయిమందికి పైగా కూర్చున్న మెట్లు కూలి పలువురు గాయపడిరి.

2005 జూలై 2వ తేదీన, బీదదేశముల సహాయార్థము లండను హైడ్ పార్కులో జరిగిన సభలో, ఇరువదినాలుగు సంవత్సరముల పిమ్మట నలుగురును ఒక్క వేదికపై నిలిచిరి. పాటలు కొద్ది. కాని చివర నలుగురును ఒకరి భుజములపై ఒకరు చేతులు వేసికొని నిలిచిన దృశ్యమునే జనులు తలతురు. 2006 జూలై 7వ తేదీన బారెట్, 2008 సెప్టెంబరు 15వ తేదీన రైట్ గతించిరి. ఆ నలువురు మరల కూడుట ఇక లేదు. ఒక్క వేదికపై వారు కానరాని మన దేశమునకు వాటర్స్ ఒక్కడు 2002లో బెంగుళూరునకును, 2007లో బొంబాయికిని వచ్చి పాడెను.

ఇక శ్రోతల జ్ఞాపకములు ఎంతవరకు నమ్మదగినవి? జ్ఞాపకము తియ్యనిదే గాని తూనిక సరియైనది కాదు. యేండ్లు గడచినకొలది గోడ ఎత్తు పెరుగును, జనసంఖ్య పెరుగును, రానివారు కూడ వచ్చినట్లు తలతురు. కనుక చరిత్రకారుడు దాచిన టిక్కెట్టు ముక్కతోను, నాటి పత్రికతోను, టేపుతోను జ్ఞాపకమును సరిచూడవలెను. మాంట్రియల్‌లో వాటర్స్ జనులను మందలించిన మాటలు శ్రోత యొకడు పట్టిన టేపున నేటికిని వినవచ్చును. కాని ఆ రాత్రి తమ మనస్సేమైనదో టేపు చెప్పదు. అది అక్కడ నిలిచినవాడే చెప్పవలెను. రెండును కలసిననాడే చరిత్రము నిండును.

రెయిన్‌బో నాటకశాల నేడు ప్రార్థనా మందిరము. ఎర్ల్స్ కోర్టు శాల నేలమట్టమైనది. శాలలు పోయినను పాటలు నిలిచినవి, విన్నవారు దాచినందుననే నిలిచినవి.

పెద్దలారా! మీ యౌవనమున రాత్రి తెల్లవార్లు హరికథ చెప్పిన దాసుగారెవరు? మీ ఊరి తిరునాళ్లలో బుర్రకథ చెప్పిన దళమేది? తోలుబొమ్మలాడించినవారి ఊరేది? ఆ కంఠములలో పెక్కింటికి ప్లేటు లేదు, టేపు లేదు. మీ చెవులే వానికి రాగిరేకులు. పేరును, ఊరును, సంవత్సరమును, గుర్తున్న మేరకు కథాక్రమమును ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. వ్రాయలేనివారు మనుమలచేత వ్రాయింపుడు. పాడినవారి ఋణము విన్నవారు తీర్చుకొను మార్గమదియొక్కటే యని మనవి చేసి, విరమించుచున్నాను.